మాత్ర వేళ

నర్సక్క రబ్బరు పట్టీ బిగించి, కుర్చీలో కూర్చున్న మనిషి మోచేతి మడతలో నరం వెతుకుతోంది. బల్లమీది టాబ్లెట్ తెరలో డాక్టరమ్మ దూరపు ఊరినుంచి రిపోర్టులు చదువుతోంది. ట్రాన్స్ మనుషులకు మొహం చిట్లించకుండా మందు రాసే డాక్టరు ఈ ఊళ్లో లేరు. ఉన్నవల్లా ఈ రెండు గదులూ, ఆ తెరా.

నర్సక్కకు తన కాలంలో ఈపాటి దిక్కు కూడా లేదు. ఇరవయ్యేళ్లప్పుడు ఎవరో చెప్పిన మాత్రలు కొని, లెక్కాపత్రం లేకుండా మింగింది. నేను ఆడదాన్ననగానే తండ్రి తలుపు గడియకర్రతో కొట్టిన దెబ్బకు ఎడమ దవడ ఇప్పటికీ వంకరే.

"నా దవడే చూస్తూ కూర్చో. సూది నొప్పి తెలీదు," అని అందరినీ నవ్విస్తుంది.

తలుపు భళ్లున తెరుచుకుంది. ఇక్కడే మందు రాయించుకునే టైలరు పిల్ల. పెదవి చిట్లి, నెత్తురు గడ్డం మీదికి కారుతోంది.

"అక్కా, ఫోను హాల్లో వదిలేశాను. 'హార్మోను మాత్ర వేళయింది' అని పైకే అరిచింది. అన్నయ్య విన్నాడు."

"మాత్ర వేళ గుర్తుచేసే యాప్ నిన్న మార్చాం. గొంతు దానంతటదే ఆన్ అయినట్టుంది," అంది తెరలోంచి డాక్టరమ్మ.

వెనకే అన్న వచ్చాడు, చేతిలో ఇనపకడ్డీతో. కుర్చీలోని మనిషి పట్టీతోనే బయటికి పరిగెత్తాడు. నర్సక్క పిల్లను లోపలిగదిలోకి నెట్టి, "గడియ పెట్టుకో" అని అరిచి, తలుపుకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో. వాడు నా తమ్ముడు."

"తమ్ముడెవడూ లేడిక్కడ. నీ చెల్లెలుంది."

మొదటి దెబ్బకు ఆమె ముంజేయి పుటుక్కుమంది. రెండోచేత్తో స్టీలు ట్రే ఎత్తి అతని మొహాన కొట్టింది. ముక్కు పగిలింది. నెత్తురు చూసుకుని అతను మరీ పేట్రేగాడు. పోలీసులను పిలుస్తున్న డాక్టరమ్మ గొంతు మీద కడ్డీ పడింది, తెర ముక్కలైంది. మూడో దెబ్బ నర్సక్క తలమీద. పక్క షాపులవాళ్లు వచ్చి అతన్ని నేలకేసి అదిమేసరికి ఆమె తలుపుకు చేరగిలబడి ఉంది, ఇంకా అడ్డంగానే.

పిల్ల బయటికొచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

"ఫోన్లో ఆ గొంతు... తీసెయ్. మాత్ర మాత్రం మానకు," అంది నర్సక్క.

అంబులెన్సువాడు ఫోనులో ఫారం నింపుతూ అడిగాడు. "మగా, ఆడా?"

"ఆడ," అంది పిల్ల. "నా ముందే టైపు కొట్టు."

దారిలోనే, పిల్ల చేతిలో చెయ్యి ఉండగానే, నర్సక్క ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రం ఎవరో వచ్చి గాజుపెంకులు ఊడ్చారు. కుర్చీ వీపుకు ఆమె స్వెటరు వేలాడుతోంది. మోచేతి దగ్గర చిరుగుకు పచ్చదారంతో సగం వేసిన మాటులో సూది గుచ్చింది గుచ్చినట్టే ఉంది.