చమ్కీల బైబిల్

బైబిల్లో బొమ్మలు వేయడం నేర్పిస్తామని చర్చిలో ప్రకటించినప్పుడు నాకు ఒళ్లు మండింది. బొమ్మలే కాదు, రంగు కాగితాలు, లేసులు, బట్టముక్కలు అంటించి, అంచుల్లో మన మాట కూడా రాసుకోవచ్చట. నేర్పేది స్వీటీ, మా పాస్టరు వెస్లీ గారి కోడలు. పరిశుద్ధ గ్రంథంతో ఈ పిల్లచేష్టలేమిటని ఉప్పుగూడ స్టేషను దాకా సణుక్కుంటూ నడిచాను. అయినా శనివారం మధ్యాహ్నం వెళ్లాను. వెళ్లకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని వెళ్లాను. యాభై రెండేళ్లొచ్చినా నాకు ఆ జబ్బు పోలేదు.

"పాత బైబిల్ ఉంటే తెచ్చుకోండి ఆంటీ, పేజీలు నలిగినా ఫికర్ లేదు" అంది స్వీటీ ముందే. నాది కొత్తది. దాని మీద రంగు పూయడానికి ప్రాణం ఒప్పక అమ్మనడిగి ఆమెది పట్టుకెళ్లాను. మా అమ్మ రాహేలుకు డెబ్బై ఎనిమిదేళ్లు. ప్రతి ఆదివారం ఆ బైబిల్ చర్చికి తెస్తుంది, ఒళ్లో పెట్టుకుంటుంది, తెరవదు. అంతా కంఠతా వచ్చు కాబట్టే తెరవదని చర్చిలో అందరి నమ్మకం. అసలు కారణం నాకు తెలుసు.

స్వీటీ ఒక తెల్లటి రంగు డబ్బా తీసింది. జెస్సో అంటారట. అది ముందు పూస్తే మిగతా రంగులు కాగితం అవతలికి దిగవట. పూయడానికి అమ్మ బైబిల్ తెరిచి ఆగిపోయింది.

"ఆంటీ, ఇండ్ల ఎవరో ముందుగాలనే అంటించిన్రు కదా. గిటు చూడండి, పిండి మరకలు, తుప్పు మరకలు. పేజీ పేజీకీ ఉన్నయి. ఎవరు చేసిన్రు?"

"పాతది కదమ్మా, తేమకు అయినయేమో" అన్నాను. బైబిల్ మీద చేయి ఉంచే అబద్ధం చెప్పాను.

నా చిన్నప్పుడు అమ్మ లాడ్ బజార్ వెనక గల్లీలో, లక్క గాజుల కార్ఖానాలో రాళ్లు అద్దే పని చేసేది. సాయంత్రం ఇంటికొచ్చి కొంగు విదిలిస్తే గచ్చు మీద చమ్కీలు రాలేవి. వాటి కోసం నేను పాకుతూ తిరిగేదాన్ని. పనికిరావని పారేసిన అద్దం ముక్కలూ, జరీ పోగులూ, తళుకు కాగితాలూ అమ్మ ఏరి తెచ్చి, మైదా ఉడకబెట్టి, రాత్రి నాన్న బైబిల్ చదివి వినిపిస్తుంటే ఆ పేజీల్లో అంటించేది. విధవరాలు రూతు కథ దగ్గర నల్లదారం. ఎర్రసముద్రం దగ్గర ఎర్ర తళుకు కాగితం. అప్పటి పాస్టరు గారు వాక్యం ఎక్కడుందో చెప్పడమే ఆలస్యం, అమ్మ వేళ్లు ఆ పేజీ తీసేవి. పక్కన కూర్చున్న నాకు గర్వంగా ఉండేది. ఆ మైదా వాసన, కొంగులోని లక్క వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నా కాళ్లు ఆగిపోతాయి.

ఏడో తరగతిలో సండేస్కూల్ ఫస్ట్ ప్రైజ్ నాకొచ్చింది. ఆ రోజే తోటి పిల్లలు అమ్మ బైబిల్ చూసి, అది గాజుల డబ్బానా అని నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వేసవి సెలవుల్లో అమ్మ పనికి వెళ్లిన పగలంతా కూర్చుని, తడిగుడ్డతో, బ్లేడుతో ఒక్కొక్కటే పెరికేశాను. పైన అట్ట కూడా వేసి, మెచ్చుకుంటుందని గుమ్మంలో ఎదురుచూశాను. అమ్మ పేజీలు తిప్పింది. "మంచిగ సాఫ్ చేసినవ్ బిడ్డా" అంది.

ఆదివారం పాస్టరు గారు కీర్తనలు చదువుతున్నారు. అమ్మ పేజీలు తిప్పుతూనే ఉంది. చివరికి ఒకచోట ఆగి, వరుస మీద వేలు పెట్టి కదిలించింది. తొంగిచూశాను. అది సంఖ్యాకాండం, కీర్తనలకు ఎంతో ముందుండే వేరే పుస్తకం. నా ప్రోగ్రెస్ కార్డు మీద ఎప్పుడూ నాన్నే సంతకం పెట్టేవాడు కాబట్టి నాకు ఏనాడూ అనుమానం రాలేదు. మా అమ్మకు చదువు రాదని అప్పుడు తెలిసింది. నేను చెరిపేసింది ఆమె అక్షరాలని తెలిసింది. ఆ తర్వాత అమ్మ చర్చిలో బైబిల్ తెరవలేదు. నలభై ఏళ్లు మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

స్వీటీ క్లాసు నుంచి ఇంటికి పోకుండా ఆటో ఎక్కి లాడ్ బజార్‌కు వెళ్లాను.

"క్యా హోనా అమ్మా?" అన్నాడు దుకాణం అతను.

"చమ్కీ, జరీ, లాల్ పన్నీ. సబ్ థోడా థోడా" అన్నాను, ఎర్ర తళుకు కాగితం వైపు చూపిస్తూ.

ఇంటికొచ్చి అన్నీ అమ్మ ముందు పరిచాను. "ఏది యాడ అంటించినవో చెప్పమ్మా. మళ్ల పెడ్తా."

అమ్మ ఎర్ర కాగితం తీసి వేళ్లతో తడిమింది. "గిన్నేండ్లకు యాదికొచ్చిందా?"

"రోజు యాదికొస్తనే ఉండె. అడగనీకి మొఖం చెల్లలే."

మరక ఉన్న ప్రతి పేజీ చదివి వినిపించాను. నల్లదారం చెప్పింది, ఎర్ర కాగితం చెప్పింది. తప్పిపోయిన గొర్రె దగ్గర దూది అంది. ఆ పైన ఏ మరక చూపించినా "ఏమో బిడ్డా" అనే అంది. మూడు మిగిలాయి, అంతే. చమ్కీలు కొనుక్కొస్తే అన్నీ తిరిగొస్తాయనుకున్న నా తెలివికి నాకే ఏడుపొచ్చింది.

"మాఫ్ చెయ్యమ్మా. గప్పుడు ఒక్క మాట గూడ అనలే నువ్వు."

"అనకపోతే కోపం రాలేదనుకున్నవా? మస్తు కోపమొచ్చింది. మూడు దినాలు నీ నెత్తికి నూనె పెట్టలే. నీకే యాది లేదు."

నిజంగానే గుర్తులేదు. "మరి ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? అప్పుడే నీకు ప్రైజొచ్చె. అమ్మకు అక్షరం రాదంటే తల దించుకుంటవని." కొంగుతో నా ముఖం గట్టిగా తుడిచింది. "పోయినయి పోనియ్. నువ్వు సదువు. నాకు నచ్చిన కాడ కొత్తయి పెడ్దాం."

అలా నెలన్నర పట్టింది. సాయంత్రం నేను చదివేదాన్ని, అమ్మ ఎక్కడ ఏది పెట్టాలో చెప్పేది. స్వీటీ ఇచ్చిన లేసులు, రంగు టేపులు తీసుకుంది. జెస్సో మాత్రం ముట్టనివ్వలేదు. అక్షరాలు కనబడకుండా పోతాయట. అన్నీ అంచుల్లోనే అంటించింది, ఒక్క అక్షరం మీదికీ ఏదీ రానివ్వలేదు.

నిన్నటి ఆదివారం వెస్లీ గారు హబక్కూకు మూడో అధ్యాయం తీయమన్నారు. వాక్యం ముందు దొరికినవాళ్లు లేచి చదవాలని ఆయన వచ్చాక పెట్టిన అలవాటు. హబక్కూకు బైబిల్లో చాలా చిన్న పుస్తకం, నాలుగు పేజీలుండదు. చర్చి అంతా కాగితాల చప్పుడు. నేను వెనక్కీ ముందుకీ తిప్పుతూనే ఉన్నాను.

నా మోచేతికి ఏదో తగిలింది. అమ్మ బైబిల్, తెరిచి ఉంది. అంచున అంటించిన లేసు ముక్క మీద ఆమె వేలుంది.

"నేను తీసిన" అంది అమ్మ. "లేసి సదువు."