బిళ్ల కింద నలుపు

నల్లగొండలో మా మనవరాలు రూప పాత కార్ల షెడ్డు పెట్టిన మూడో ఏడు, వకీలు సాబు కారు మళ్లీ నా కళ్లబడింది. ఎర్రటిది, రెండే సీట్లది. నలభై ఏళ్ల కింద దాన్ని నడిపింది మా ఆయనే. కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎట్లా ఉండేదో అట్లాగే చేయించాలని వకీలు సాబు మనవరాలు దీప్తి తెచ్చింది.

అన్నీ అసలువేనని తేలింది, ఇంజను పైమూత ఒక్కటి తప్ప. అది వెండి గిన్నెలా తెల్లగా ఉంది.

"ఇది మా కారుది కాదు. అసలుది నల్లగ ఉండెనంట. డ్రైవర్ దాన్ని అమ్ముకొని, కంపెనీ పేరున్న బిళ్ల దీనికి అతికిచ్చిండని మా తాత పోయేదాక అన్నడు" అంది దీప్తి.

ఆ డ్రైవరు మనవరాలితోనే మాట్లాడుతున్నానని ఆమెకేం తెలుసు? రూప తలెత్తలేదు. బిళ్ల రివిట్లు తొలిచి, మెల్లగా లేపింది. కింద వేలెడంత జాగాలో నల్లటి ముడతల రంగు, అచ్చం బర్రె తోలులా.

"మూత ఇదే. ఎవ్వరు అమ్ముకోలే" అంది రూప. తర్వాత భూతద్దం పెట్టి చూసింది. "గని గీ గీతలు జూడుండ్రి. గుండ్రంగ, ఒకదాని మీదొకటి. మిషన్‌వి గావు. ఎవరో చెంబు తోమినట్టు తోమిండ్రు. గింత పిచ్చిపని ఎవరు జేసిండ్రో!"

"నేనే బిడ్డా" అన్నాను.

ఆ కారు నడిపే రోజుల్లో ఒక దసరాకు ఆయుధపూజ చేద్దామని మా ఆయన మూత విప్పి ఇంటికి తెచ్చాడు. మాది మగ్గం ఇల్లు. నూలు ఉడకేసే సోడా నీళ్లు పొయ్యి మీద మరుగుతున్నాయి. నలుపంతా మసి అనుకొని అందులో ముంచాను. బుసబుసా పొంగి రంగు ఊడింది. చింతపండు, ఇటుకపొడి పెట్టి, ఇత్తడి బిందె తోమినట్టే తోమాను. మెరిసింది! ఆయన తిట్టలేదు. చాలాసేపు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు.

"మంచిగనే తోమినవ్ గని..." అన్నాడు, అంతే.

వకీలు సాబు తనను దొంగ అన్నప్పుడు కూడా ఆయన నా పేరు ఎత్తలేదు. నేనన్నా పోయి చెప్పి ఉండాలి. పోలీసులంటే భయపడి, కడుపుతో ఉన్నానన్న సాకుతో ఇంట్లోనే కూర్చున్నాను. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు, పోయేదాకా తీయలేదు. ఇదంతా వాళ్లకు చెప్పాను.

"మా తాత ఉన్నప్పుడు జెప్పకపోతివి గదవ్వా" అంది దీప్తి.

"మీ తాతా, మా ఆయనా ఇద్దరూ ఉన్నప్పుడే చెప్పాల్సింది."

దీప్తి కారు కాగితాల ఫైలు తెరిచింది. "డ్రైవర్ దొంగ కాదని రాస్త. ఆయన పేరేంది?"

మాలో ఆడవాళ్లం మొగుడి పేరు పలకం. రూప నోరు తెరవబోతే చేయి అడ్డం పెట్టాను.

"సిద్దిరాములు" అన్నాను. దీప్తికి సరిగా వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా చెప్పాను.