దేవుడి గది తలుపు

కట్టే ఇంటికి తలుపులు చిట్టచివర వస్తాయి. గోడలు లేస్తాయి, స్లాబు పడుతుంది, ప్లాస్టరింగు అవుతుంది, అన్నీ అయ్యాక ఎప్పుడో తలుపులు బిగిస్తారు. ముందే బిగిస్తే సున్నం మరకలు పడతాయని ఒకరంటారు, ఎవడైనా ఊడదీసుకుపోతాడని ఇంకొకరంటారు. తలుపులు పడ్డాయంటే కాపలా మనిషితో పని తీరినట్టే. అంటే కాపలా ఉన్న మనిషి తలుపున్న ఇంట్లో నాలుగు రోజులైనా పడుకోదు. ఈ సంగతి ఇళ్ళు కట్టించేవాళ్ళలో ఒక్కరికైనా తట్టిందంటే నేను నమ్మను.

దుర్గాబాయికి మాత్రం బాగా తెలుసు. మేస్త్రీ పని చేసే పెనిమిటి వెంకటనర్సయ్య పోయాక, ఊళ్ళో మట్టిగోడల ఇల్లు ఒక ముసురుకు కూలిపోయాక, ఆమె కట్టే ఇళ్ళకు కాపలా ఉంటూ బతుకుతోంది. గోడలు తడపడం, సిమెంటు బస్తాలు చూసుకోవడం ఆమె పని. అలా నాలుగు ఇళ్ళు పూర్తయ్యాయి. వెంట మనుమరాలు వినోద ఉంటుంది. కూతురు బిడ్డ. కూతురు కాలం చేసింది, అల్లుడు మారుమనువు చేసుకుని పిల్ల ఊసే మరిచాడు. వాడి సంగతి ఇక్కడితో చాలు, అంతకు మించి చెప్పుకోదగ్గ మనిషి కాదు. వినోద శామీర్‌పేట బడిలో పదో తరగతి.

రెండు వేల మూడులో వాళ్ళకు దొరికిన అయిదో ఇల్లు దేవరయాంజాల్ దాటాక కొత్తగా వెలిసిన కాలనీలో ఉంది. తెనాలి నుంచి వచ్చి సర్కారు కొలువులో కుదురుకున్న శ్రీనివాసరావు, పార్వతీదేవి కట్టించుకుంటున్న ఇల్లు. వాళ్ళు పట్నంలో అద్దెకుంటూ ఆదివారం ఆదివారం స్కూటరు మీద వచ్చి చూసి వెళ్ళేవారు. శ్రీనివాసరావు మెత్తని మనిషి. పార్వతీదేవి నోరు మాత్రం గట్టిది. ఇటుక వంకరగా కనిపిస్తే మేస్త్రీకి ఆ పూట అన్నం సహించేది కాదు.

ఆ ఇంటికి తలుపులు ముందే తయారయ్యాయి. అలియాబాద్ నుంచి వచ్చే వడ్రంగి మైసయ్య టేకు తలుపులన్నీ చేసి హాల్లో గోడకు ఆనించిపెట్టాడు. సరిగ్గా అప్పుడే మూఢం వచ్చిపడింది. "మూఢం వెళ్ళాక ముహూర్తం చూసి ముందు సింహద్వారం బిగించాలి. మిగతావి ఆ తర్వాతే. అప్పటిదాకా ఒక్క మేకు కొట్టావంటే ఊరుకోను మైసయ్యా!" అని పార్వతీదేవి వేలు చూపించి మరీ చెప్పి వెళ్ళింది. మూఢం వెళ్ళడానికి ఇంకా నెలన్నర ఉంది. తలుపులు గోడకు చేరగిలబడి ఉన్నాయి, గోడల్లో చౌకట్లు మాత్రమే ఉన్న గుమ్మాలన్నీ బోసిగా ఉన్నాయి.

ఒకనాటి సాయంత్రం దుర్గాబాయి కాలనీ చివరి బోరుకాడికి నీళ్ళకు పోయింది. కరీంనగర్ రోడ్డు మీది కల్లు దుకాణంలో తాగి వస్తున్న ఇద్దరు మగవాళ్ళు లోపలికి వచ్చారు. ఒకడు మంచినీళ్ళు అడిగాడు. రెండోవాడు ఏమీ అడగలేదు, వెళ్ళి వెనక గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. వినోద మూలనున్న పార రెండు చేతులా పట్టుకుంది. అదృష్టం బాగుండి దుర్గాబాయి అప్పుడే బిందెతో వచ్చింది.

"ఎవర్రా మీరు? అడగకుండ ఇంట్లకెట్ల వొస్తిరి?" అని బిందె అక్కడే కింద పెట్టి అరిచింది.

"ఇంటికి దర్వాజనే లేదు ముసల్దానా, ఎవల్ని అడగాలె?" అని నవ్వుకుంటూ పోయాడు మొదటివాడు.

ఆ మాట దుర్గాబాయి గుండెలో ముల్లులా దిగింది. అబద్ధమైతే తిట్టి ఊరుకునేది. నిజమైపోయె!

ఆ రోజు నుంచి వినోద కంటికి కునుకు లేదు. పార పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది, బళ్ళో తూగేది. దుర్గాబాయి గుమ్మాలకు తుమ్మకంప అడ్డం వేసింది. మాసిన చీర కట్టింది. రేకు ముక్క నిలబెడితే గాలికి దబ్బున పడి, దొంగ వచ్చినదాని కన్న ఎక్కువ హడలగొట్టింది. చివరికి మైసయ్యను పట్టుకుంది.

"తమ్మీ, ఒక్క అర్రకు దర్వాజ బిగించు. ఒక్కటంటే ఒక్కటి."

"అమ్మ మేకు గూడ కొట్టొద్దన్నది గదక్కా. నన్ను బతకనిస్తదా?"

"పిల్ల పండుకుంటలేదు తమ్మీ. బుగులుతోని సగమైంది. నీకూ ఆడపిల్లలున్నరు, నేను జెప్పాల్నా?"

మైసయ్య తల గోక్కున్నాడు. ఇటూ అటూ చూశాడు. "ఏ అర్రకు?" అన్నాడు.

దుర్గాబాయి ముందే చూసిపెట్టుకుంది. వంటింటి పక్కన ఇద్దరు పడుకునేటంత చిన్న గది ఒకటుంది, దానికి కిటికీ కూడా లేదు. సామాన్ల అర్ర అయి ఉంటుందని ఆమె అనుకుంది, మైసయ్యా అదే అనుకున్నాడు. కిటికీ లేదు కాబట్టి ఒక్క తలుపుతో పని అయిపోతుంది. ఆయన కొలతకు సరిపోయే తలుపు తెచ్చి బిగించాడు. వెళ్ళబోతూ ఆగి, ఏమనుకున్నాడో ఏమో, సంచిలోంచి ఇత్తడి గడియ తీసి లోపలివైపు కొట్టాడు.

ఆ రాత్రి వినోద గడియ పెట్టుకుని పడుకుంది. పొద్దెక్కినా లేవలేదు. ఆ రోజు బడికి పంపకుండా దుర్గాబాయి పిల్లను అలాగే నిద్రపోనిచ్చింది. శనివారం మాపటికి తలుపు ఊడదీసి గోడకు ఆనించేవాళ్ళు, సోమవారం మళ్ళీ బిగించేవాళ్ళు. ఆదివారం వచ్చేవాళ్ళకు ఏం తెలుస్తుంది? మైసయ్య మంచి పనివాడు, మరమేకుల గుర్తు కూడా కనపడనిచ్చేవాడు కాదు.

కానీ పార్వతీదేవి ఒక గురువారం వచ్చింది. గచ్చుకు రాయి కొలతలు తీసుకుందామని ఒక్కతే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. దుర్గాబాయి ఇంట్లో లేదు. ఎదురుగా మూసి ఉన్న తలుపు కనిపించింది. నెట్టింది, రాలేదు. దబదబా బాదింది. గడియ తీసిన చప్పుడయ్యి, చెదిరిన జుట్టుతో వినోద బయటికి వచ్చింది. లోపల చాప, పుస్తకాలు, దండెం మీద గుడ్డలు ఉన్నాయి.

"బడికి వెళ్ళలేదేం?" పార్వతీదేవికి ముందు ఆ మాటే వచ్చింది.

"కడుపుల నొస్తాందమ్మా. ముట్టైన" అంది వినోద తల వంచుకుని, ఏమీ ఎరగకుండా.

పార్వతీదేవి సిమెంటు బస్తా మీద చతికిలబడింది. చీర పాడవుతుందన్న ధ్యాస కూడా లేదు. దుర్గాబాయి తలమీద బిందెతో వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది.

"అది దేవుడి గది దుర్గాబాయీ" అంది. అరవలేదు. అరిస్తే దుర్గాబాయికి అంత భయం వేసేది కాదు.

"దేవుని అర్రనా?" దుర్గాబాయి బిందె దించి చెంపలేసుకుంది. "అయ్యో, నా నోట్ల మన్నువడ! సామాన్ల అర్ర అనుకుంటిమమ్మా."

"ఇన్ని ఇళ్ళు కాపలా ఉన్నదానివి, దేవుడి గది ఏదో తెలీదూ?"

"ఎట్ల తెలుస్తదమ్మా? నాలుగు ఇండ్లకు కావలున్న. దేవుడు ఇంట్లకు రాకముందే మేం పోతుంటిమి. యాడ వెడ్తరో ఎన్నడు జూసిన? మా ఇంట్ల పొయ్యి పక్క గూట్లనే ఉండె."

పార్వతీదేవి లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది. మైసయ్య బిగించిన ఇత్తడి గడియను వేలితో అటూ ఇటూ కదిపి చూసింది. "దేవుడి గదికి లోపల గడియ ఎవరు పెట్టమన్నారు?" అంది.

అప్పుడు దుర్గాబాయి దాచకుండా అంతా చెప్పింది, బోరుకాడికి పోయిన సాయంత్రం దగ్గర్నుంచి తాగుబోతు అన్న మాట దాకా. మైసయ్యను ఏమీ అనొద్దంది, తప్పంతా తనదేనంది. పార్వతీదేవి విన్నది. గోడకు ఆనించి ఉన్న పారను చూసింది, పిల్లను చూసింది. కొలతలు తీసుకోకుండానే, "ఆదివారం మా అత్తగారితో వస్తాం" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రెండు రోజులు దుర్గాబాయి నోట్లోకి ముద్ద దిగలేదు. వెళ్ళగొడితే ఎక్కడికి పోవాలి? కండ్లకోయ కాడ ఇంకో ఇంటి పని ఉందని మేస్త్రీ చెప్పాడు గానీ, దానికింకా గోడలే లేవలేదు. బస్టాండులో ముసలిది పడుకోవచ్చు, ఎదిగిన పిల్ల ఎట్లా పడుకుంటుంది? అయినా ఇద్దరి బట్టలూ మూట కట్టింది. వినోద పుస్తకాలు సంచిలో సర్దింది. గది రెండుసార్లు కడిగి పసుపునీళ్ళు చల్లింది.

ఆదివారం అందరూ కారులో వచ్చారు. అత్తగారు కామేశ్వరమ్మ మడీ ఆచారం ఉన్న పెద్దావిడ. గడపలో అడుగు పెట్టగానే బిగించి ఉన్న తలుపే ఆవిడ కంట పడింది. దుర్గాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూలకు నిలబడింది. ఇప్పుడు పార్వతీదేవి చెప్పేస్తుంది. ముట్టు సంగతితో సహా చెప్పేస్తుంది.

"చూశారా అత్తయ్యా!" పార్వతీదేవి గొంతు హాలంతా మోగింది. "వద్దంటే వినకుండా మూఢంలో బిగించేశాడు ఆ మైసయ్య! ముహూర్తం కాని తలుపు దేవుడి గదికి పనికొస్తుందా?"

"రామ రామ! ఎలా పనికొస్తుందే? తీయించెయ్" అంది కామేశ్వరమ్మ.

"తీయించొద్దూ మరి! చౌకట్టుతో సహా తీయించేస్తాను. కానీ మూఢంలో బిగించింది మూఢంలో విప్పకూడదట కదా. గృహప్రవేశం ముందురోజు విప్పాలట. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

అలాంటి శాస్త్రం ఏ పంచాంగంలో ఉందో ఆమెకే తెలియాలి. కామేశ్వరమ్మ మాత్రం తనకెప్పటినుంచో తెలిసినట్టు, "అవునవును, విప్పకూడదు" అని తల ఊపింది.

"టేకు తలుపు పార్వతీ! చౌకట్టు తీస్తే గోడ పగులుతుంది" అని శ్రీనివాసరావు గొణిగాడు.

"పగిలితే మళ్ళీ కట్టిద్దాం. మీకు తలుపు ముఖ్యమా, దేవుడు ముఖ్యమా?"

ఆ ప్రశ్నకు ఏ మగవాడు జవాబు చెప్పగలడు? పార్వతీదేవి దుర్గాబాయి వంక అసలు చూడనే లేదు. తమను పొమ్మనలేదేమని దుర్గాబాయికి ఆశ్చర్యం, తన వల్ల మైసయ్య మాట పడ్డాడని బాధ. గృహప్రవేశం దగ్గరికి వచ్చేదాకా వినోద ఆ గదిలోనే గడియ పెట్టుకుని పడుకుంది. పార పెరట్లోకి పోయింది. ఇక ఆదివారాలు తలుపు విప్పి దాచే పనీ లేదు.

గృహప్రవేశం ముందురోజు మైసయ్య తలుపును చౌకట్టుతో సహా విప్పాడు. కండ్లకోయ ఇంటికి గోడలు లేచాయి, దుర్గాబాయి సామాను ట్రాలీలో ఎక్కించుకుంటోంది. పార్వతీదేవి చరచరా వచ్చి అందరూ వినేలా గద్దించింది. "ఈ తలుపు నా ఇంటి ఛాయల్లో ఉండకూడదు. నీ వల్ల పాడైంది, నువ్వే తీసుకుపో!"

అంతమందిలో అంత మాట అనేసరికి దుర్గాబాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపునూ సామాను మీద వేయించి ట్రాలీ ఎక్కింది. దారిలో ఆ ఏడుపు చూడలేక, తలుపు బిగించిపెట్టడానికి వెంట వస్తున్న మైసయ్యే బయటపడ్డాడు.

"ఏడ్వకు అక్కా. నీకు జెప్పొద్దన్నది గని జెప్తున్న. ఒట్టి తలుపిస్తే మీరేం జేసుకుంటరని చౌకట్టు గూడ ఊడదీయమన్నది. యాడికి వోయినా జల్దీ బిగేసేటట్టు బోల్టులు వెట్టిచ్చింది. జూడు, గడియ గూడ రెండోది ఏపిచ్చింది. నన్ను మస్తు తిట్టింది గద, మల్ల మా ఇంటికి స్వీటు డబ్బ పంపింది."

దుర్గాబాయి వెనక్కి తిరిగి చూసింది. తలుపు మీద పాత గడియకు జానెడు కింద కొత్తది మెరుస్తోంది. వినోద దాన్ని పట్టుకుని కూర్చుంది.

మర్నాడు దుర్గాబాయి ఉన్నంతలో మంచి చీర కట్టుకుని గృహప్రవేశానికి వచ్చింది. పిలుపు ముందే ఉంది. పాలు పొంగాయి, భోజనాలు నడుస్తున్నాయి. వంటింటి పక్క గదిలో దేవుడి పటాలు, దీపాలు ఉన్నాయి. ఆ గదికి తలుపు లేదు. పసుపు రంగు తెర వేలాడుతోంది. చుట్టాలావిడ ఎవరో అడిగితే పార్వతీదేవి, "చేయిద్దాంలెండి, తొందరేముంది?" అంటోంది.

చీర పెట్టడానికి పార్వతీదేవి దగ్గరికి వచ్చినప్పుడు దుర్గాబాయి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "దేవుని దర్వాజ దీసి నా పిల్లకు వెడ్తివి గదమ్మా!" అంది.

పార్వతీదేవి గాభరాగా వెనక్కి చూసింది. ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి. "ఊరుకో దుర్గాబాయీ, మా అత్తయ్య వింటుంది" అంది. తర్వాత చేతులు విడిపించుకోకుండానే మెల్లగా అడిగింది, "రాత్రి పడుకుందా పిల్ల?"