నూలు నలుసు

పామర్రు దగ్గర నేతగాళ్ల పేటలో ఎవరి గొంతు బొంగురుపోయినా ఒకటే మాట: నూలు నలుసు పడింది, వేడి గంజి తాగించండి. మగ్గం పక్కన పెరిగే పిల్లలకు దగ్గేం కొత్త? ఆరేళ్ల చౌడేశ్వరమ్మకు మాట పెగలకపోతే తండ్రి వెంకటప్పయ్య కూడా అదే అనుకున్నాడు. మర్నాడు తెల్లారేసరికి పిల్ల మింగలేక ఏడ్చింది. అప్పటికే వీధిలో పడుగు నూలు పొడవునా సాచి గంజి పెట్టారు. మధ్యలో వదిలేస్తే పోగులన్నీ అంటుకుని పడుగు పాడవుతుంది. యుద్ధం రోజుల్లో మళ్లీ నూలెవడిస్తాడు? ఆరేదాకా ఆగాడు. మధ్యాహ్నానికి పిల్లకు ఊపిరాడలేదు. భార్య హనుమాయమ్మను ఇంట్లో వదిలి, పిల్లను భుజాన వేసుకుని, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే బస్సెక్కి బెజవాడ బయల్దేరాడు. ఆ బస్సు ఆగినప్పుడల్లా అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

బెజవాడలో జట్కా కట్టించుకున్నాడు. జట్కా తోలే జక్కయ్యకు తన ఊరంటే తగని మురిపెం.

"అదుగోనండీ కాలేజీ! ఎక్కడెక్కడి బిడ్డలో వచ్చి చదువుతున్నారు. ఆ పొగగొట్టం మిల్లుదండీ. మా ఊళ్లో లేందేవుంది చెప్పండి?"

"ఆస్పత్రెక్కడయ్యా?"

"ఫుట్‌బాల్ గ్రౌండు దాటితే అదేనండీ."

గ్రౌండు దగ్గర ఆట అప్పుడే ముగిసింది. రోడ్డంతా జనం. గెలిచిన కుర్రాళ్లను ఊరేగిస్తున్నారు. ఏం గెలిచారో వాళ్లకే తెలియాలి! జక్కయ్య వెనక్కి తిరిగి, నీలంగా మారిన పిల్ల పెదవులు చూసి గతుక్కుమన్నాడు. కిందికి దూకి, "తప్పుకోండి బాబూ, తప్పుకోండి!" అని గొంతు చించుకున్నాడు. వినే నాథుడు లేడు. వెంకటప్పయ్య పిల్లనెత్తుకుని జనాన్ని తోసుకుంటూ పరుగెత్తాడు.

ఆస్పత్రిలో డాక్టరు రామకోటేశ్వరరావు పిల్ల గొంతులోకి చూసి, పరుగున వెళ్లి సూదిమందు తెచ్చి ఇచ్చాడు. కాసేపటికి పిల్ల ఎగశ్వాస ఆగిపోయింది.

"కంఠసర్పి ఇది. మందుండి కూడా లాభం లేకపోయింది. నిన్ననే తెచ్చి ఉంటే దక్కేదయ్యా."

"నలుసు కాదాండీ?"

"నలుసేమిటి? ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు. ఇంట్లో ఇంకా పిల్లలున్నారా?"

గుండెలు బాదుకుంటున్న వెంకటప్పయ్య చేతులు ఆగిపోయాయి. బయల్దేరేటప్పుడు చిన్నవాడు పాండురంగడు గుమ్మంలో నిలబడి, అక్కయ్యతో తానూ వస్తానని మారాం చేశాడు. వాడి గొంతు బొంగురుగా ఉంది. వాడికి కూడా వేడి గంజి పట్టమని హనుమాయమ్మకు తనే చెప్పి వచ్చాడు.

"ఆ మందు నాకివ్వండి బాబూ, కాళ్లు పట్టుకుంటాను. తీసుకుపోతాను."

"అది నువ్వు వేసేది కాదయ్యా. పిల్లవాణ్ణి ఇక్కడికి తేవాలి. ఎంత తొందరగా తెస్తే అంత మంచిది."

పామర్రుకు మళ్లీ బస్సు రేపు పొద్దున్నే. వెంకటప్పయ్య తలగుడ్డ విప్పి కూతురి మీద కప్పాడు.

"దీన్ని కాస్త చూస్తుండండి బాబూ, వాణ్ణి తీసుకొస్తాను" అంటూ బయటపడి, పామర్రుకు పోయే బందరు రోడ్డు మీద పరుగు అందుకున్నాడు.