పేరు చెప్పని ఫోను

టౌన్ ఆఫీసుకి ఫోను చేసినప్పుడు లైల్ హాస్కెట్ తన పేరు చెప్పలేదు.

"పేరు తప్పనిసరా?" అని మాత్రం అడిగాడు.

"అక్కర్లేదండీ. ఎక్కడో చెబితే చాలు," అంది అవతలి అమ్మాయి.

పక్కింటి నంబరు చెప్పాడు. ఆ ఇంటి పెరట్లో మాంసానికి పొగబెట్టి అమ్ముతున్నారనీ, అనుమతి తీసుకున్నట్టు లేదనీ చెప్పి ఫోను పెట్టేశాడు. చేతిలో కాఫీ ఇంకా వేడిగానే ఉంది. తాగబుద్ధి కాలేదు.

ఈ పని కార్విల్ ఊళ్ళో ఇంకెవరు చేసినా పెద్ద వింత కాదు. కానీ లైల్ అంటే న్యూహాంప్‌షైర్‌లో ఆ చుట్టుపక్కలంతా సర్కారు పొడ గిట్టనివాడని పేరు. రంపాలూ, మంచు ఊడ్చే యంత్రాలూ బాగుచేసే షాపు అతనిది. వయసులో ఉన్నప్పుడే స్వేచ్ఛావాద పార్టీలో చేరాడు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య మూడోవాడికి పని లేదనీ, ప్రభుత్వం ఎంత చిన్నదైతే మనిషి అంత పెద్దవాడవుతాడనీ గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. కొందరు వినేవారు, కొందరు రంపం తీసుకుని వెళ్ళిపోయేవారు. ఏటా మార్చిలో ఊరి సభ జరిగితే ప్రతి కొత్త ఖర్చుకీ లేచి నిలబడి 'వద్దు' అనే మొదటి గొంతు అతనిదే. పార్టీ రాష్ట్ర శాఖ విధాన ప్రకటన రాసే కమిటీకి ఆ ఏడు అతనే అధ్యక్షుడు.

అలాంటివాడు ఫోను ఎందుకు చేశాడంటే, భార్య కొరీన్ దగ్గు చూడలేక. ఆమెకి ఉబ్బసం. పక్కింటి రెనాటా పెల్కీ, బడి వంటశాలలో ఉద్యోగం పోయాక, పెరట్లో చెక్కలతో పొగగది కట్టి పంది తొడలూ బేకనూ పొగబెట్టడం మొదలుపెట్టింది. మేపుల్ కట్టెల పొగ. గాలి అటునుంచి వీచిన రోజున ఆ పొగంతా హాస్కెట్‌ల వంటింటి కిటికీలోకే వచ్చేది.

"ఒకసారి వెళ్ళి చెప్పిరాకూడదూ? మంచిదే కదా ఆమె," అంది కొరీన్.

వెళ్ళాడు. రెనాటా పాట పాడుకుంటూ మాంసం ముక్కలకి తాళ్ళు కడుతోంది. అతన్ని చూడగానే, "రావయ్యా లైల్, సరిగ్గా వేళకి వచ్చావు! ఇదిగో, మొదటి వాయి. కొరీన్‌కి రుచి చూపించు," అని బేకన్ పొట్లం చేతిలో పెట్టింది. ఆ పొట్లం పట్టుకుని, నీ పొగ మాకు పడట్లేదని ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. థాంక్స్ చెప్పి వచ్చేశాడు.

"చెప్పావా?" అంది కొరీన్.

"చెప్పాను. చూస్తానంది."

ఆ రాత్రి కొరీన్ తలగడ ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయింది. మర్నాడు అతను ఫోను చేశాడు.

వారం తిరక్కుండానే టౌన్ ఆఫీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అది ఇళ్ళ మధ్య స్థలం, వ్యాపారం కుదరదన్నాడు. పొగగదికి అనుమతి లేదు, మాంసం అమ్మడానికి లైసెన్సు లేదు. తలుపుకి పని ఆపమనే నారింజ రంగు కాగితం అంటించి పోయాడు. దాన్ని చింపి చేత్తో పట్టుకుని రెనాటా నేరుగా లైల్ షాపుకి వచ్చింది.

"చూశావా నా ఖర్మ! ఎవడో ఫోను చేశాడట. పేరు కూడా చెప్పలేదట, వెధవ! మొహం మీద అడిగే దమ్ముండాలిగా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, లైల్ చెయ్యి దానంతటదే చొక్కా మీద గ్రీజు మరక తుడుచుకోసాగింది.

"ఇన్నేళ్ళూ నీ ఉపన్యాసాలకి నవ్వేదాన్ని. సర్కారు పెరట్లోకి వస్తుందిరా బాబూ అంటే, ఈ లైల్‌కి పని లేదు అనుకునేదాన్ని. నువ్వన్నదే నిజమైంది. ఇప్పుడు నేనేం చెయ్యాలో నువ్వే చెప్పు."

నేనే చేశానని అప్పుడే అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడు ఎవరో పాడైన రంపం పట్టుకుని లోపలికి వచ్చారు. వాళ్ళు వెళ్ళేసరికి మాట వెనక్కి పోయింది. "అనుమతి ఇమ్మని ఊరి బోర్డుకి అర్జీ పెట్టు. నేను సాయం చేస్తాను," అన్నాడు.

సాయం చేశాడు కూడా. తప్పు చేసినవాడి ఓపికతో ఆమె కాగితాలన్నీ నింపాడు. అడక్కుండానే ఆమె ఇంటి ముందు మంచు తీశాడు. రెనాటా ఊరంతా అతన్ని పొగిడింది. పొగిడినప్పుడల్లా లైల్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడేవాడు.

రెనాటా సంగతి పార్టీ రాష్ట్ర కార్యదర్శి బ్రామ్ ఓక్స్ చెవిన పడింది. ముప్పయ్యేళ్ళవాడు, మాట్లాడేటప్పుడు ఒకచోట నిలబడలేడు. షాపుకి వచ్చి రంపాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, "లైల్, మన దగ్గర సిద్ధాంతాలు బోలెడున్నాయి, మనిషే లేదు. ఇప్పుడు దొరికింది! జనవరి మహాసభలో ఆమె మాట్లాడాలి. ఆమె తరఫున ఒక తీర్మానం నువ్వే రాయాలి. పక్కింటివాడివి, నీకన్నా ఎవరికి తెలుసు?" అన్నాడు.

"ఇంకెవరైనా రాస్తే..."

"భలేవాడివే! సిగ్గెందుకయ్యా?"

రాశాడు. పన్నులు తగ్గించాలనీ, ఖర్చు కత్తిరించాలనీ, సరుకు ధర బజారే తేల్చుకుంటుందనీ రాసే తీర్మానాలు అతని కలం కింద నీళ్ళలా సాగేవి. ఇది సాగలేదు. 'తన ఇంట తన చేతులతో చేసుకునే పనికి మనిషి ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు' అని రాశాడు. దాని కింద, 'ఇరుగుపొరుగుల మధ్య వచ్చిన తగువును ఇరుగుపొరుగులే మాట్లాడి తీర్చుకోవాలి. దానికి అధికారిని పిలవడం పిరికితనం' అని రాసి, 'పిరికితనం' కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. తను నమ్మని మాట ఒక్కటీ అందులో లేదు. బాధల్లా అదే.

క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం రెనాటా ఉపన్యాసం చదివి వినిపిస్తానని వాళ్ళింటికి వచ్చింది. సూప్ వడ్డిస్తూ కొరీన్ దగ్గింది. పొగ ఆగినా ఆ దగ్గు పూర్తిగా వదలనేలేదు.

రెనాటా చెంచా కింద పెట్టింది. "ఏమిటా దగ్గు? ఎన్నాళ్ళనుంచి? కొంపదీసి నా పొగవల్ల కాదు కదా? నాకు ఎవరూ చెప్పలేదే!"

కొరీన్ భర్త వైపు చూసింది. కోపంతో కాదు. అప్పటిదాకా విడివిడిగా పడున్న ముక్కలు రెండు ఒకదానికొకటి అతుక్కుంటే చూసినట్టు చూసింది. తర్వాత రెనాటా వైపు తిరిగింది.

"లేదమ్మా, ఈ చలికి మొన్ననే పట్టుకుంది. నువ్వు చదువు."

రెనాటా వెళ్ళిపోయాక కొరీన్ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరగకుండా అంది. "పెళ్ళయిన దగ్గర్నుంచి నీ కోసం నేనెవరితోనూ అబద్ధమాడలేదు. ఇవాళ ఆడాను. ఇంకోసారి నా వల్ల కాదు."

"నీ కోసమే కదా కొరీన్..."

"నా కోసమైతే ఆమెతో చెప్పేవాడివి. ఫోను నీ కోసం చేసుకున్నావు."

మహాసభ ఆ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో ఒక హోటల్ హాల్లో జరిగింది. కొరీన్ రానంది. రెనాటా లైల్ ట్రక్కులోనే వచ్చింది. కొత్త కోటు వేసుకుంది, దారంతా వాగుతూనే ఉంది. పొద్దున విధాన ప్రకటన మీద చర్చ మొదలైంది. 'ప్రభుత్వం పరిమితంగా ఉండాలి' అన్న వాక్యం దగ్గరే బండి ఆగిపోయింది. పరిమితంగా కాదు, అసలు ఉండకూడదని గడ్డం కుర్రాడొకడు పట్టుబట్టాడు. "మరి ఈ హాల్లో కుర్చీలు ఎవరు వేశారయ్యా, నువ్వు సాయానికి రాలేదే!" అని వెనకనుంచి ఓ ముసలావిడ అరిచింది. అందరూ నవ్వారు. మామూలుగా అయితే లైల్‌కి పండగలాంటి రోజు అది. ఆ రోజు ఎవరేమన్నారో సగం వినపడలేదు.

భోజనాలయ్యాక రెనాటా వంతు. ముందుగా ఆమెను సభకి పరిచయం చెయ్యాల్సింది లైలే. హాలు బయట కాఫీ బల్ల దగ్గర ఆమె కాగితాలు సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళాడు.

"రెనాటా, ఆ ఫోను చేసింది నేను."

"ఏ ఫోను?"

"టౌన్ ఆఫీసుకి."

ఆమె నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగింది. "ఎందుకు?"

"కొరీన్‌కి ఊపిరి ఆడేది కాదు."

"మరి నాతో చెప్పొచ్చుగా?"

"చెబుదామనే వచ్చాను. నువ్వు బేకన్ ఇచ్చావు."

"బేకన్ ఇస్తే నోరు పడిపోతుందా?" గొంతు పెద్దదైంది, కాఫీ పోసుకుంటున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించింది. "పెరటి చివరికి జరిపేదాన్ని కదయ్యా. ఒక్క పూట పని. శీతాకాలమంతా నా చేత కృతజ్ఞతలు చెప్పించుకున్నావు. ఎలా మింగుడుపడ్డాయి నీకు ఆ మాటలు?"

ఆమె చేతిలో కాగితాలు మడిచింది.

"ఇప్పుడు లోపలికెళ్ళి ఏం మాట్లాడను?"

"నీ ఇష్టం. నా పేరు చెప్పినా న్యాయమే."

ఆమె అతని పరిచయం కోసం ఆగలేదు. తలుపు తోసుకుని నేరుగా వేదిక ఎక్కింది. కాగితాలు చూడలేదు. వంటశాల ఉద్యోగం గురించీ, పొగగది గురించీ, నారింజ కాగితం గురించీ తడబడుతూ చెప్పింది. లైల్ చేసిన సాయం గురించి చెప్పాల్సిన చోట ఆగింది. బ్రామ్ మొదటి వరసలోంచి నవ్వుతూ చెయ్యి ఊపాడు.

"ఫోను చేసిందెవరో నాకు తెలిసింది," అంది రెనాటా. "ఇప్పుడే."

హాలు గోల పెట్టింది. "పేరు చెప్పు! పేరు చెప్పు!"

"చెప్పను. ఆ మనిషిలా నేను వెనకనుంచి పొడవను."

గోల పెరిగింది. ఎవరో బల్ల చరిచారు. లైల్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ఇలాగే నిలబడితే ఎవరికీ తెలియదు, ఆమె మాట మీద నిలబడే మనిషి. ఆ సంగతి తెలియడమే అతనికి భరించరానిదైంది. చెయ్యెత్తాడు.

"నేను," అన్నాడు. వినపడలేదు. మళ్ళీ గట్టిగా, "లైల్ హాస్కెట్. ఫోను చేసింది నేను," అన్నాడు.

తలలు ఒక్కో వరసా అతని వైపు తిరిగాయి. "జోకేస్తున్నావా?" అన్నాడు బ్రామ్. లైల్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడొక అరుపు, దాని వెనక చాలా అరుపులు. రాసినవాడే పాటించని తీర్మానం మనకెందుకు, కొట్టేయండని గడ్డం కుర్రాడు లేచాడు. పొద్దుటి ముసలావిడ కర్ర ఊతగా లేచి, "వంటవాడు తినకపోతే కూర చెడిందనా? కూర చూసి చెప్పు," అంది. ఓటు పెట్టారు. తీర్మానం నెగ్గింది. ఒక్క అక్షరం మార్చలేదు, 'పిరికితనం' కూడా. లైల్ తన చెయ్యి ఎత్తలేదు. అధ్యక్ష పదవి వదులుకుంటున్నానని బ్రామ్‌తో చెప్పాడు. "ఒక్క రోజు ఆగలేకపోయావా?" అన్నాడు బ్రామ్, నిజంగా ఏడుపు మొహంతో.

ఇంటికి వెళ్ళడానికి రెనాటాకి వేరే దారి లేదు. అదే ట్రక్కెక్కి కిటికీకి ఆనుకుని కూర్చుంది. కార్విల్ వచ్చేదాకా బయటికే చూస్తూ ఉంది. దిగాక తలుపు నెమ్మదిగా వేసింది. విసురుగా వేసి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

మంచు కరిగే రోజుల్లో అర్జీ బోర్డు ముందుకి వచ్చింది. ఐదుగురూ ఊరివాళ్ళే. అధ్యక్షురాలు బడి బస్సు నడిపే మావిస్ గ్రోవర్. లైల్ లేచాడు.

"ఆ ఫిర్యాదు నాది. వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి ఇక్కడితో వదిలెయ్యండి."

మావిస్ కళ్ళజోడు తీసింది. "లైల్, ఇంకా అది నీదెక్కడయ్యా? ఒకసారి చెప్పాక అది ఊరిది. వదిలెయ్యడానికి మాకే హక్కు లేదు."

ఇంకో రోజైతే ఈ మాట మీద గంటసేపు వాదించేవాడు. ఆ రోజు కూర్చున్నాడు. బోర్డు అనుమతి ఇచ్చింది, షరతులతో. పొగగది పెరటి చివరికి జరపాలి. పొగగొట్టం ఎత్తు పెంచాలి. లైసెన్సు తీసుకోవాలి. ఏటా తనిఖీ. ఒక్కో షరతు చదువుతుంటే లైల్ తల ఇంకాస్త కిందకి వంగింది. ఇవన్నీ ఆమె నెత్తిన పెట్టింది బోర్డు కాదని అతనికి తెలుసు.

బయట బురదలో రెనాటా అతన్ని దాటి తన కారు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"కొరీన్‌కి ఎలా ఉంది?"

"పర్వాలేదు. రాత్రిళ్ళు కొంచెం..."

"గాలి మీ వైపు వీచే రోజున నిప్పు పెట్టను. వాళ్ళు రాయలేదు, నేనే అంటున్నా."

"ఆమెతో చెబుతాను."

"వద్దు. నువ్వు చెబితే ఆమె నమ్మాలి కదా. నేనే వచ్చి చెబుతాను."

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఆమె పెరడు దాటి రావడం లైల్ చూసి, వెనక షెడ్డులోకి వెళ్ళి పదును పోని రంపానికి పదును పెట్టడం మొదలుపెట్టాడు. వంటింట్లోంచి మాటలు లీలగా వినిపించాయి. కొరీన్ గొంతే వినిపించింది, చాలాసేపు. తర్వాత ఇద్దరిలో ఎవరో నవ్వారు. లోపలికి పిలుస్తారేమోనని ఆకురాయి ఆపి విన్నాడు. పిలవలేదు. అతనూ వెళ్ళలేదు.