తలనిండా నార పొట్టు

నేను ఒక హార్మోనియం పెట్టెను. ముప్పై తొమ్మిది మెట్లతో పుట్టాను, ఇప్పుడు పలికేవి పదకొండు. తిత్తికి ఎలుకలు చిల్లులు పెట్టాయి. విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లు ఊరుంది. ఆ ఊరి ఆడపిల్లల హైస్కూలు స్టోరురూములో, విరిగిన బెంచీల కింద పడి ఉన్నాను. అప్పుడే జాలి పడకండి. నేను చేసిన పని విన్నాక కూడా పడాలనిపిస్తే అది మీ ఇష్టం.

నన్ను కాకినాడలో గవర్రాజు అనే వడ్రంగి చేశాడు. టేకు చెక్క, ఇత్తడి రీడ్లు. ఒక్కొక్క రీడునూ ఆకురాయితో రాస్తూ, చెవి దగ్గర పెట్టుకుని వింటూ, మళ్లీ రాస్తూ నెల రోజులు కూర్చున్నాడు. నన్ను మొదట కొన్నది ఒక నాటక సమాజం. అక్కడ జనం ‘వన్స్ మోర్’ అంటే చనిపోయిన రాజు లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చనిపోయేవాడు. నేనూ సిగ్గు లేకుండా శ్రుతి ఇచ్చేదాన్ని. సమాజం మూతపడ్డాక అక్కడ నన్ను వాయించే హార్మోనిస్టు ఈ స్కూలుకు అమ్మేశాడు. చదువుల చోటికి వెళ్తున్నాను, ఇక నాకు గౌరవమే అనుకున్నాను.

స్కూలులో సంగీతమంటే స్వాగత గీతం. ఎవరైనా పెద్దమనిషి వస్తే ఆరుగురు పిల్లలు వరసగా నిలబడి పాడాలి. పాట ఒకటే, అందులో పేరు మాత్రం మారుతుంది. పొట్టి పేరైతే సాగదీయాలి, పొడుగు పేరైతే మింగేయాలి. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు పదేళ్లు అలాగే గడిచింది. విన్న పెద్దమనుషుల్లో ఒక్కరికీ అనుమానం రాలేదు. తన పేరు వినబడుతున్నప్పుడు మనిషికి ఇంకేదీ వినబడదు.

అప్పుడు విశాలాక్షి టీచరు వచ్చింది. టెంపరరీ ఉద్యోగం. వచ్చిన వారానికే తొమ్మిదో తరగతి పిల్లలతో, ఇకమీదట పాటలు నేర్చుకోవడం కాదు, కట్టడం నేర్చుకుందాం అంది. ఆవిడ పెట్టిన షరతులు రెండే. సినిమా వరస తేకూడదు. చందమామ, వెన్నెల, పువ్వులు ముట్టుకోకూడదు. ఇంట్లో రోజూ వినే చప్పుడు ఒకటి, ఇంట్లో అనుకునే మాటలు నాలుగు తెమ్మంది. ఒక పిల్ల ఒక ముక్క పాడితే దాన్ని నా మెట్ల మీద వెతికి, స్వరాలు నల్లబల్ల మీద రాసి, ‘ఇక్కడ ఎక్కుదామా, దిగుదామా?’ అని తరగతినంతా అడిగేది. పిల్లలు కొట్లాడుకునేవారు. నా జన్మలో సంగీతం గురించి ఎవరైనా కొట్లాడుకోవడం అదే మొదటిసారి. నాకు గర్వంగా ఉండేది, దాచడమెందుకు.

అసిరమ్మ ఆ తరగతి పిల్లే. తల్లి పోలమ్మ మిల్లులో నారతో దారం తీసే పని చేస్తుంది. అసిరమ్మ తెచ్చిన చప్పుడు మిల్లు కూత. షిఫ్టు మారేటప్పుడు పైన నిలబడి, నెమ్మదిగా కిందికి జారే కూత. టీచరు దాన్ని నా మీద పట్టుకోవాలని ఎంతో తంటాలు పడింది. నావి విడివిడి మెట్లు, వాటి మీద జారడం కుదరదు.

“అది పెట్టికి రాదండి. గొంతుకే వస్తాది” అంది అసిరమ్మ, పాడి చూపించింది.

*కూత కూసిందోలమ్మా, మిల్లు కూత కూసింది
తలనిండా నార పొట్టు, మాయమ్మొచ్చింది*

తరగతిలో ఉన్న పిల్లల్లో సగం మంది తల్లులు అలాగే ఇంటికి వస్తారు. అసిరమ్మ రెండు నెలలు కూర్చుని ఆ పాటకు మూడు చరణాలు కట్టింది. ఒక చరణంలో తల్లి దగ్గు కూడా ఉంది, తాళంలోనే. వార్షికోత్సవంలో పాడాలని, పాట తన మీదేనని తల్లికి ముందుగా చెప్పకూడదని అనుకున్నారు. పోలమ్మ మాత్రం కూతురు పాడుతుందని విని, ఆ రోజుకు షిఫ్టు మార్చుకుంది.

ఆ ఏడు ముఖ్య అతిథి మిల్లు మేనేజరు పురుషోత్తం నాయుడు. రెండు తరగతి గదులకు కప్పు వేయిస్తానని మాట ఇచ్చాడు. వారం ముందు హెడ్మిస్ట్రెస్ వచ్చి పాట విన్నారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. మేనేజరుగారి ఎదుట నార పొట్టేమిటి, దగ్గేమిటి అన్నారు. వరస మాత్రం బ్రహ్మాండంగా ఉందట. దానికే స్వాగతం మాటలు పెట్టమన్నారు. వెళ్తూ వెళ్తూ, విశాలాక్షి ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు తన బల్ల మీదే ఉందనీ, ఆదివారం తీరిగ్గా చూస్తాననీ చెప్పారు. బెదిరించలేదు. అలాంటి వాళ్లు బెదిరించరు.

తొమ్మిదేళ్లుగా స్కూలు తరవాత స్కూలు మారుతూ వచ్చిన మనిషి విశాలాక్షి. ఆ మధ్యాహ్నమే నా ముందు కూర్చుని కొత్త మాటలు కట్టింది.

*విచ్చేసినారోయమ్మా, మీరు విచ్చేసినారు
మనసునిండా సంబరం, నాయుడుగారొచ్చారు*

రెండక్షరాలు ఎక్కువైతే ఇరికించింది. మూడో చరణంలో పువ్వులు వచ్చాయి, వాటి వెనకే వెన్నెల కూడా వచ్చింది. నేను ఒక్క మెట్టయినా తప్పు పలికి ఉండొచ్చు. పలకలేదు. అమ్మకు ఏ స్వరం ఇచ్చానో మేనేజరుకూ అదే ఇచ్చాను, అంతే తియ్యగా. నన్ను తలచుకుంటే నాకే రోత.

మర్నాడు కొత్త మాటలు నల్లబల్ల మీద చూసి అసిరమ్మ రెండుసార్లు చదువుకుంది.

“మరి ఇందల మాయమ్మ ఏదండి?” అంది.

టీచరు ఈసారికి సర్దుకోమంది. వచ్చే ఏడు నీ మాటలతోనే పాడిద్దామంది. పిల్ల తల ఊపింది. పెద్దవాళ్లు ‘వచ్చే ఏడు’ అంటే దాని అర్థమేమిటో పేదింటి పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

తరవాత జరిగింది ముందే చెప్పేస్తాను. గదులకు కప్పు పడింది. విశాలాక్షి పర్మనెంటు అయింది, ఇరవై రెండేళ్లు అక్కడే పనిచేసి శాలువాతో రిటైరయింది. పాట కట్టడం మళ్లీ ఏ తరగతికీ నేర్పలేదు. ఆ స్వాగతం మాత్రం ఇప్పటికీ పాడుతున్నారు. కలెక్టరొస్తే కలెక్టరు, ఎమ్మెల్యే వస్తే ఎమ్మెల్యే. వరస ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం సంగతి మాత్రం చెప్పకుండా ముగించలేను. సభలో అసిరమ్మ ముందు వరసలో నిలబడి, మాట తప్పకుండా, గొంతు వణక్కుండా పాడింది. కూత జారే చోట జారింది. మేనేజరు కళ్లు మూసుకుని తల ఆడించాడు. పోలమ్మ వెనక గోడ పక్కన నిలబడి వింది. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుంది, తలనిండా పొట్టే.

సభ అయ్యాక నన్ను సంగీతం గదికి మోయాలి. ఒక పక్క అసిరమ్మ పట్టుకుంటే, రెండో పక్క పోలమ్మే వచ్చి పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ మురిసిపోయింది.

“ఓలమ్మీ, ఆ పాట నువ్వే కట్టినావట. మీ టీచరమ్మ సెప్పినారు. మేనేజరుబాబు మీద బలే కట్టినావే.”

నన్ను బల్ల మీద దింపారు. పోలమ్మ కాస్త దగ్గి, చీర చెంగుతో నా మీది దుమ్ము తుడిచింది.

“అంతేలే, కడితే అలాటోల మీదే కట్టాల. మనలాటోల మీద పాటలెవులు కడతారు?” అని నవ్వింది.

“ఔనమ్మా” అంది అసిరమ్మ.

నా తిత్తి మూసి కొక్కెం పెట్టింది. తల్లి జుట్టులోంచి పొట్టు ఒక్కొక్కటే ఏరుతూ ఆమె వెనకే ఇంటికి వెళ్లింది. మళ్లీ ఆ గది గుమ్మం తొక్కలేదు.