మజ్జిగ లోటాకి లైసెన్సు

"అమ్మా, మజిల్ లోడరు ఇంట్లోనే ఉంటుందా?"

నోటుబుక్కు తెరిచి, పెన్ను విదిలించి, వసారాలో నిలబడి గట్టిగానే అడిగాడు హెడ్ కానిస్టేబుల్ గంగులు. గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీకి ఆఫీసు కాయితాల్లో ఉన్న పేరు అది. లైసెన్సు గడువు తీరుతోందని కొండన్న రెన్యువల్‌కి అర్జీ పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి విచారించి రాయడం గంగులు పని. కొండన్నేమో చెరకు తోటకి వెళ్ళాడు. ఇంట్లో ఆయన భార్య రామాయమ్మ ఒక్కతే ఉంది. ఆ ఇంగ్లీషు ముక్క కాళ్ళు కడుక్కుని, బొట్టు పెట్టుకుని, శుభ్రమైన తెలుగులో ఆవిడ చెవిలోకి చేరింది: మజ్జిగ లోటాడు!

"ఉండకేటి బాబూ! అది లేని రోజు మా ఇంట్లో లేదు."

"ఎక్కడ పెడతారు?"

"ఈ వసారాలోనే. సేతికందీలాగ."

గంగులు పెన్ను ఆగింది. "తాళం వెయ్యరా?" అంటూ తాళంచెవి తిప్పుతున్నట్టు వేళ్ళతో చూపించాడు కూడా.

రామాయమ్మ పకపకా నవ్వింది. "దానికి తాళవేటి, సూసినోలు నవ్విపోరూ! దార్న పోయేవోలు అడిగినా సేతిలో పెట్టెత్తాం. ఎండలికైతే రోజుకి పాతిక మందికి పడతాది."

"పాతిక మందికి... పడతాదా? పిల్లలు తిరిగే ఇల్లు కదమ్మా!"

"పిల్లలకే ముందు! ఈదిలో పిల్లలు బడి నుంచి రాగానే ఒకటి పడితేగాని ఊరుకోరు."

"మరి మీ ఆయనకి?"

"పొద్దుట ఒకటి, మాపటేల ఒకటి, నా సేత్తోనే. అది పడకపోతే ఆయన మనిసి కాడు బాబూ. ఉండు, నీ మొకం వాడిపోనాది, నీకూ ఒకటిత్తాను."

ఆవిడ లోపలికి వెళ్ళి నురగ తేలే లోటాతో వచ్చేసరికి వసారాలో గంగులు లేడు. మోటారుసైకిలు పొగ మాత్రం ఉంది.

"ఏటో మావా, పాపం, బేగి బేగి ఎల్లిపోనాడు," అంది ఆవిడ, సాయంత్రం మొగుడికి ఆ లోటా అందిస్తూ.

పది రోజులకి నోటీసు వచ్చింది. లైసెన్సు ఎందుకు రద్దు చెయ్యకూడదో చెప్పుకోవడానికి భార్యాభర్తలిద్దరూ నర్సీపట్నం ఆఫీసుకి రావాలట. విచారణ అన్న మాటలో విచారం ముందుంటుంది, 'ణ' తర్వాత వస్తుంది. కొండన్నకి ఆ ముందుది అప్పుడే వచ్చేసింది.

ఆ తుపాకీ తెల్లదొరల కాలం నాటిది. తాతకి వాళ్ళిచ్చిన లైసెన్సు కాయితం, పైన కిరీటం బొమ్మతో సహా, ఇంకా ట్రంకుపెట్టెలో ఉంది. దొరలు పోయారు, కిరీటం పోయింది, కాయితం మిగిలింది. తాత పోయాక తండ్రి, తండ్రి పోయాక కొండన్న, ఎవరి పేరున వాళ్ళు కొత్తగా అర్జీ పెట్టుకుని లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళే. గడువు దాటకుండా రెన్యువల్ చేయించడం, ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకీని స్టేషన్‌లో అప్పజెప్పి రశీదు తెచ్చుకోవడం, మిగతా రోజుల్లో లోపలి గదిలో గొలుసు కట్టి తాళం వెయ్యడం, ఇన్నేళ్ళలో ఒక్కటీ తప్పలేదు. ఊళ్ళో పెళ్ళికొడుకులు ఫోటో కోసం అడిగినా పట్టుకోనివ్వలేదు.

గొలుగొండ అవతల, అడవి అంచున ఎకరన్నర చెరకు. దాని మీద పడి తినడానికి అడవిపందులు. అవి ఒక్కసారి దిగాయంటే ఏడాది చాకిరీ నమిలి పిప్పి చేసి పోతాయి. అలాగని ఆయన వాటిని చంపడు. గుండు వేసి పేల్చి ఇరవై ఏళ్ళయింది. ఏటా సింహాచలం వెళ్ళొచ్చి గుండు తన నెత్తి మీదే పెట్టుకుంటాడు గాని తుపాకీలో పెట్టడు. వట్టి మందు దట్టించి ఆకాశానికి పేలుస్తాడు. ఆ చప్పుడుకే పందులు అడవి దారి పడతాయి.

ఆ ఇరవై ఏళ్ళ కిందటి గుండే ఆయన గుండెలో ఉండిపోయింది. పొద్దు వాలే వేళ రామాయమ్మ గడ్డి కోస్తోంది. చెరకులోంచి, గుంపు విడిచి ఒంటరిగా తిరిగే ఏకలం పంది ఒకటి సూటిగా ఆవిడ మీదికొచ్చింది. కొండన్న పరిగెత్తుకొచ్చి ఆవిడ ఎడమ భుజం పక్కనుంచే పేల్చాడు. పంది పడిపోయింది. రామాయమ్మ బతికింది. ఎడమ చెవి బతకలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ కుడిది కూడా దాని బాటే పట్టింది.

"ఎవురికీ సెప్పకు మావా. సెవిటి రామాయమ్మ అని పేరెట్టెత్తారు," అని ఒట్టు వేయించుకుంది. కొండన్న ఎవరికీ చెప్పలేదు. ఆవిడకి మాత్రం అన్నీ చెప్పాడు, రెండేసి సార్లు. ఎవరేమన్నా సరే, తనకి తాను అనుకుంటున్నట్టు ఆవిడ కుడి పక్కకి తిరిగి, ఆ మాటే మళ్ళీ అంటాడు. "బస్సు లేటంట. ఓహో, బస్సు లేటా!" "పక్కింటోల పిల్ల పాసయిందంట. అబ్బో, పాసయిందా!" అసలు సంగతి తెలియని ఊరు ఆయనకే పేరు పెట్టేసింది: డబుల్ బ్యారెల్ కొండన్న. ఇంట్లో తుపాకీకి ఒకటే గొట్టం. నోటికి రెండని నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు.

విచారణ రోజున షేరాటో దిగి ఇద్దరూ ఆఫీసు హాల్లో కూర్చున్నారు. ఆయన కుడి పక్క, ఆవిడ ఎడమ పక్క, అలవాటు ప్రకారం. చుట్టూ అర్జీదార్లు ఇరవై మంది దాకా ఉన్నారు. ఆఫీసరు జగదీశ్వరరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"కొండన్న గారూ, మీకు మందు అలవాటుందా?"

"తుపాకీకుంది బాబూ. నాకు నేదు." పక్కకి తిరిగి, "మందా? నాకు నేదు," అన్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"గంగులూ, రిపోర్టు చదువు."

గంగులు గొంతు సవరించుకుని చదివాడు. "తుపాకీ వసారాలో చేతికందేలా ఉంచుతారు. తాళం లేదు. దారిన పోయేవాళ్ళకి కూడా ఇస్తారు. ఎండాకాలం రోజుకి పాతిక మందికి పడుతుంది. బడి పిల్లలకి ముందు. భర్తకి రెండు పూటలా భార్యే స్వయంగా..."

హాలంతా నోరు తెరిచింది. కొండన్నకి మాత్రం 'ఎండాకాలం' దగ్గరే సంగతంతా తెలిసిపోయింది. మజిల్ లోడరు, మజ్జిగ లోటాడు! నవ్వబోయి ఆగిపోయాడు. ఒక్క మాట అంటే చాలు, లైసెన్సు దక్కుతుంది, చెరకు దక్కుతుంది. ఆ మాట 'మా ఆవిడకి వినబడదు బాబూ' అన్నది. ఇంతమంది ముందు, ఆవిడ పక్కనుండగా!

"ఏమంటారు?" అన్నారు ఆఫీసరు గారు.

తన తుపాకీయే తీసుకుంది ఆ చెవిని. మళ్ళీ ఆ తుపాకీ కోసమే ఆ చెవిని నలుగురిలో నిలబెట్టాలా?

"ఏటీ అనను బాబూ," అన్నాడు కొండన్న. లైసెన్సు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "రద్దు సేసీండి."

పక్కకి తిరగలేదు. రెండోసారి చెప్పలేదు.

రామాయమ్మ ఎదురుచూసింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి రెండో గొట్టం పేలలేదు. ఆవిడ మొగుడి మొహం చూసింది. బల్ల మీద పుస్తకం చూసింది. లేచి నిలబడింది.

"బాబూ, ఆ కాయితం మల్లీ సదవండి. నాకాడికొచ్చి, ఈ కుడి సెవిలో, గట్టిగా."

"కూకోవే," అన్నాడు కొండన్న, చెయ్యి పట్టుకుని లాగుతూ.

"నువ్వుండు మావా. ఒట్టు నువ్వేసినావు, నాను కాదు." హాలు వైపు తిరిగింది. "నాకు వినబడదు బాబూ. ఈ ఎడమది ఎప్పుడో పోనాది, కుడిది సగం. ఈయన పెతీ మాటా రెండుసార్లు సెప్పేది నాకోసరం. ఊరు ఎర్రోడంటే పడ్డాడుగాని నన్ను బయటెట్టనేదు. ఇప్పుడు రెండోసారి సెప్పనేదంటే అందులో నా తప్పేదో ఉండుంటాది. సదవండి."

గంగులు వచ్చి ఆవిడ కుడి చెవి దగ్గర వంగి, రోడ్డు మీదికి వినబడేలా మొదటినుంచీ చదివాడు. 'పాతిక మందికి పడుతుంది' దగ్గర రామాయమ్మ భుజాలు కదిలాయి. 'బడి పిల్లలకి ముందు' దగ్గర కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మ ఓలమ్మ! తుపాకీ కాదు నాయినా, నానెప్పుడు సెప్పినాను తుపాకీ అని? నువ్వడిగింది మజ్జిగ లోటాడు కాదేటి?"

"మజ్జిగ... నేనడిగింది మజిల్ లోడరమ్మా!"

"అదే అంటన్నాను, మజ్జిగ లోటాడే గదా!"

మొదట జగదీశ్వరరావు గారి కళ్ళజోడు జారింది. తర్వాత హాలు జారింది. వెనక వరసలో ఒకాయన బెంచీ మీంచే జారాడు.

"గంగులూ," అన్నారు ఆఫీసరు గారు కళ్ళు తుడుచుకుంటూ, "అసలు తుపాకీ చూశావా నువ్వు?"

"లేదండి. ఆవిడ 'ఉండు, నీకూ ఒకటిత్తాను' అన్నాక ఉండలేకపోయానండి."

నవ్వులు సద్దుమణిగాక ఆయన లైసెన్సు పుస్తకాన్ని కొండన్న వైపు తోశారు. "గంగులూ, రేపు మళ్ళీ వెళ్ళి చూసి రాసుకురా. మజిల్ లోడరుకి గొలుసూ తాళం ఉన్నాయో లేదో చూడు. మజ్జిగ లోటాకి తాళం లేదని ఆవిడ ముందే చెప్పారు."

"ఏటంటన్నారు మావా?" అంది రామాయమ్మ.

కొండన్న ఆవిడ కుడి చెవి దగ్గరికి వంగాడు. తనకి తాను అనుకుంటున్నట్టు కాకుండా, హాలంతా వినేలా చెప్పాడు.

"ఆ పోలీసు బాబు రేపు మల్లీ వొత్తాడంట. ఈసారి మజ్జిగ తాగి ఎల్తాడంట!"